అమెజాన్ లొకేషన్ వనరులను క్లౌడ్‌ఫార్మేషన్ టెంప్లేట్లలో ఉంచి నడిపిన అనుభవం

బెంగళూరు చుట్టుపక్కల తిరిగే సరుకు రవాణా వాహనాలను గమనించే మా సాఫ్ట్‌వేర్‌కు కావలసిన పటాలు, ట్రాకర్లు (వాహనాలు పంపే స్థానాలను అందుకుని నిల్వ చేసేవి), జియోఫెన్సులు (పటం మీద గీసిన ఊహా సరిహద్దులు) అన్నీ కొన్నేళ్లుగా అమెజాన్ క్లౌడ్‌లోని పటాల సేవ అయిన అమెజాన్ లొకేషన్ సర్వీసులోనే ఉన్నాయి. వాటిని కన్సోల్ అనే వెబ్ పేజీలోకి వెళ్లి చేత్తో సృష్టించకుండా మొదటి నుంచీ క్లౌడ్‌ఫార్మేషన్ టెంప్లేట్లలో, అంటే ఏ వనరు ఎలా ఉండాలో రాసిస్తే అమెజాన్ దాన్ని తానే సృష్టించే ఫైళ్లలో, రాసుకుంటూ వచ్చాము. ఈ పద్ధతి పనికొచ్చిందా అని ఎవరైనా అడిగితే, ఏ వనరు గురించి అడుగుతున్నారని ఎదురడగవలసి వస్తుంది. ట్రాకరు, జియోఫెన్సుల కలెక్షన్, ఏపీఐ కీ (యాప్ ఈ సర్వీసును అడిగేటప్పుడు చూపే తాళంచెవి లాంటి సంకేతం), ఈ మూడింటినీ టెంప్లేటు లేకుండా నడపమని నేను ఎవరికీ చెప్పను. పటానికి మాత్రం టెంప్లేటుతో ఉన్న అవసరం దాదాపు తీరిపోయింది.

ముందుగా పటం సంగతి. 2021 జూన్‌లో ఈ సర్వీసు అందరికీ అందుబాటులోకి వచ్చినప్పటి పద్ధతిలో మ్యాప్ వనరు అంటే ఒక పేరు, ఆ పేరుకు కట్టిన ఒక స్టైల్ (పటం కనిపించే తీరు), దాదాపు అంతే. వీధులు, ఊళ్ల పేర్లు అన్నీ డేటా అందించే సంస్థ దగ్గరే ఉంటాయి. ఇంత పలచటి వనరులోనూ ఒక చిక్కు ఉంది. స్టైల్ మార్చితే క్లౌడ్‌ఫార్మేషన్ పాత వనరును సవరించదు, దాని స్థానంలో కొత్తది సృష్టించాలని చూస్తుంది. చేంజ్ సెట్ (ఏమేమి మారబోతున్నాయో ముందే చూపే జాబితా) తెరిస్తే ఆ వరుసలో రీప్లేస్‌మెంట్ అన్న చోట ‘ట్రూ’ అని కనిపిస్తుంది. క్లౌడ్‌ఫార్మేషన్ కొత్తదాన్ని ముందు సృష్టించి పాతదాన్ని తర్వాత తొలగిస్తుంది కాబట్టి, మనం పెట్టిన పేరు అదే ఉంటే పేరు మార్చమని చెప్పి అప్‌డేట్‌ను ఆపేస్తుంది. ఇదే పని చేసే మరో సాధనం టెర్రాఫార్మ్ మామూలుగా పాతదాన్ని ముందు తీసేసి తర్వాత కొత్తది పెడుతుంది కనుక అక్కడ పని జరిగిపోతుంది గానీ, మధ్యలో కొంతసేపు పటమే ఉండదు. ఈ రెండింటిలో నాకు మొదటి మొండితనమే నచ్చింది. మ్యాప్ పేరు చివర వెర్షన్ అంకె చేర్చి, ఆ పేరును పారామీటర్ స్టోర్‌లో (అమెజాన్ క్లౌడ్‌లో సెట్టింగులు దాచుకునే చోట) ఉంచి, యాప్ అక్కడి నుంచే చదువుకునేలా చేశాక ఆ చిక్కు మళ్లీ మమ్మల్ని ఆపలేదు.

అదే మ్యాప్ వనరులో నేను నిజంగా విలువైనదిగా భావించినది పొలిటికల్ వ్యూ అనే ఒక్క వరుస. దాన్ని సమర్థించే స్టైళ్లలో అక్కడ ‘ఐఎన్‌డీ’ అని రాస్తే సరిహద్దులు భారతదేశం గుర్తించిన విధంగా కనిపిస్తాయి. రాయకపోతే అలాంటి దృక్కోణం ఏదీ వర్తించదు. సర్వే ఆఫ్ ఇండియా పటాలకు భిన్నంగా దేశ పటాన్ని ప్రచురించడం 1961 నాటి క్రిమినల్ లా సవరణ చట్టం కింద ఆరు నెలల వరకు జైలు శిక్షకు గానీ, జరిమానాకు గానీ, రెండింటికీ గానీ దారితీయగల నేరం కనుక ఇది అలంకారానికి సంబంధించిన విషయం కాదు. టెంప్లేటులో ఆ వరుసను ఎవరు తాకినా, మార్పును తోటివారు పరిశీలించే రివ్యూలో తేడా కళ్లెదుటే ఉంటుంది. మా బృందంలో కర్నూలు నుంచి వచ్చిన కుర్రవాడు ఒకసారి స్టైల్ ప్రయోగాల కోసం ఆ వరుస తీసేసి రివ్యూకు పంపితే, “తమ్ముడూ, ప్రయోగం వేరే స్టాక్‌లో చేసుకో, ఈ వరుస మాత్రం ఉన్నచోటే ఉండనివ్వు” అని మా సీనియర్ అక్కడే రాసి ఆపేశారు (స్టాక్ అంటే ఒక టెంప్లేటుతో సృష్టించిన వనరుల గుంపు). కన్సోల్‌లో చేత్తో చేసే పనిలో ఆ మాట అనడానికి ఎవరికీ సందు దొరకదు.

2024 నవంబరులో వచ్చిన కొత్త తరం ఏపీఐలతో (యాప్ ఆ సర్వీసును అడిగే పద్ధతులతో) ఈ లెక్క మారింది. ఇప్పుడు మ్యాప్ వనరును సృష్టించనక్కర లేదు. స్టాండర్డ్, మోనోక్రోమ్, హైబ్రిడ్, శాటిలైట్ అనే స్టైళ్లలో ఒకదాన్ని యాప్ నేరుగా అడగవచ్చు. టెంప్లేటు బరువు తగ్గిన మాట నిజమే. అయితే పొలిటికల్ వ్యూ కూడా టెంప్లేటు నుంచి జారి, యాప్ పంపే యూఆర్‌ఎల్‌లో ఒక పారామీటర్‌గా మారింది. ఈ వనరులను చూసుకునే మా ఇన్‌ఫ్రా బృందం కళ్ల ముందున్న నిర్ణయం, తెర మీద కనిపించే భాగానికి చెందిన ఫ్రంటెండ్ ఫైళ్లలో ఎక్కడో కలిసిపోయింది. మేము ఆ స్టైల్ చిరునామాను తయారుచేసే పనిని ఒకే ఫంక్షన్‌కు అప్పగించి, ఆ ఫైలు మారితే మా అనుమతి తప్పనిసరి అని నియమం పెట్టుకున్నాము. కొత్త పద్ధతిలో నాకు తృప్తి కలిగించని భాగం ఇదొక్కటే.

ట్రాకరు విషయంలో టెంప్లేటు పెట్టిన శ్రమకు పూర్తి ఫలితం ఇచ్చింది. పొజిషన్ ఫిల్టరింగ్ అనే ఒక్క లక్షణం మీద ఖర్చు, కచ్చితత్వం రెండూ ఆధారపడి ఉంటాయి. ఏమీ రాయకపోతే కాలం ఆధారంగా వడపోత జరుగుతుంది: వచ్చిన ప్రతి స్థానాన్నీ జియోఫెన్సులతో పోల్చి చూస్తుంది గానీ, ఒక్కో వాహనానికి 30 సెకన్లకు ఒక స్థానాన్ని మాత్రమే నిల్వ చేస్తుంది. దూరం ఆధారంగా అని రాస్తే 30 మీటర్లకు తక్కువ కదలికను పూర్తిగా వదిలేస్తుంది, ఫెన్సులతో పోల్చడం కూడా ఉండదు. సాయంత్రం ఏడింటికి బెంగళూరు సిల్క్ బోర్డ్ కూడలిలో నిలిచిపోయిన వ్యానును ఊహించండి. బండి కదలదు, డ్రైవరు ఫోను మాత్రం ఫ్లైఓవరు కింద అటూ ఇటూ తూలే స్థానాలను పంపుతూనే ఉంటుంది. అలాంటి చోట కచ్చితత్వం ఆధారిత వడపోత మాకు బాగా కుదిరింది: వరుసగా వచ్చిన రెండు స్థానాల కచ్చితత్వం 5, 10 మీటర్లు అయితే, బండి 15 మీటర్లకన్నా తక్కువ కదిలినప్పుడు రెండో స్థానాన్ని పట్టించుకోదు. ఈ మార్పుకు ట్రాకరును మళ్లీ సృష్టించవలసిన పని లేదు, టెంప్లేటులో ఒక్క మాట మారిస్తే చాలు.

అయితే ట్రాకరులోనూ, జియోఫెన్సుల కలెక్షన్‌లోనూ కేఎంఎస్ కీ (డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే తాళం) తర్వాత మార్చుకునేది కాదు. దాన్ని మార్చితే వనరు మొత్తం కొత్తదవుతుంది, ట్రాకరులోని 30 రోజుల స్థాన చరిత్ర పాతదానితోనే పోతుంది. అందుకే ఎన్‌క్రిప్షన్ నిర్ణయం మొదటి రోజే జరగాలి. డిలీషన్ పాలసీ (తొలగించేటప్పుడు ఏం చేయాలి), అప్‌డేట్ రీప్లేస్ పాలసీ (మార్పిడి జరిగేటప్పుడు ఏం చేయాలి) రెండింటికీ రిటెయిన్, అంటే ‘ఉంచు’, అని రాయాలి. మొదటిది ఒక్కటే రాసి ఊరుకుంటే వనరు మార్పిడి జరిగినప్పుడు పాతదానికి రక్షణ ఉండదు.

టెంప్లేటు కలెక్షన్‌ను ఖాళీ డబ్బాగా మాత్రమే ఇస్తుంది. హోస్కోటె గోదాము, బొమ్మసంద్ర గేటు వంటి ఫెన్సులను విడిగా ఏపీఐ ద్వారా, ఒక్కో పిలుపుకు పది చొప్పున చేర్చాలి. వాటిని మేము జియోజేసన్ ఫైళ్లుగా (స్థానాలను రాసే ఒక రూపంలో) టెంప్లేట్లు ఉన్న రిపాజిటరీలోనే ఉంచుతాము. అక్కడ రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత రావాలి. తారుమారైతే బెంగళూరు గేటు స్వాల్‌బార్డ్ దగ్గర ఆర్కిటిక్ నీళ్లలో తేలుతుంది కనుక, ప్రతి బిందువూ కర్ణాటక పరిధిలోనే ఉందో లేదో, మార్పులను పరీక్షించి అమలుచేసే పైప్‌లైన్ సరిచూస్తుంది.

ఇక ఏపీఐ కీ. ఏ చర్యలకు, ఏ వనరులకు, ఏ వెబ్ చిరునామాల నుంచి అనుమతి ఉందో టెంప్లేటులో స్పష్టంగా చదువుకోగలగడం పెద్ద సౌకర్యం. గడిచిన 7 రోజుల్లో వాడుకలో ఉన్న కీ పరిమితులను మార్చాలంటే ఫోర్స్ అప్‌డేట్ అనే గుర్తు పెట్టాలి. కీని తొలగించాలంటే అది గడువు తీరి 90 రోజులు దాటి ఉండాలి, లేదా ఫోర్స్ డిలీట్ రాయాలి. ఈ రెండో గుర్తును ప్రొడక్షన్ (నిజంగా వాడుకలో ఉన్న) టెంప్లేటులోకి మేము రానివ్వము. కీ విలువను స్టాక్ అవుట్‌పుట్‌గా తీసుకునే వీలు లేదు, విడిగా అడిగి తెచ్చుకోవాలి. సాఫ్ట్‌వేర్ రాసుకునే నమోదుల్లో (లాగ్స్‌లో) కీ బయటపడే ప్రమాదం అంతమేరకు తగ్గుతుంది కనుక నాకు దానిపై ఫిర్యాదు లేదు. డ్రైవర్లలో చాలామంది యాప్‌ను వారాల తరబడి అప్‌డేట్ చేయరు. కాబట్టి కొత్త కీని పాతదాని పక్కనే వేరే పేరుతో నిలిపి, పాతదాని వాడకం సున్నాకు చేరాకే దాని గడువు తేదీని టెంప్లేటులో దగ్గరికి తెస్తాము.