ఆన్‌లైన్‌లో డ్రాయింగ్ నేర్పడానికి ఫోన్ స్టాండా, పెన్ టాబ్లెట్టా?

ఆన్‌లైన్‌లో డ్రాయింగ్ చెబుదామనుకునేవాళ్ళు ముందుగా అడిగేది ఏ పెన్ టాబ్లెట్ (పెన్నుతో గీస్తే గీత కంప్యూటర్ తెరమీద పడే పలక) కొనాలని. కొన్నేళ్ళుగా రెండూ వాడుతున్నాను కాబట్టి నా మాట ముందే చెప్పేస్తాను. పెన్సిలూ కాగితంతో నేర్పేవాళ్ళు మొదట కొనాల్సింది ఫోన్‌ని కాగితానికి నిలువుగా పైన పట్టి ఉంచే గట్టి స్టాండు.

పొడుగు గీత గీసేటప్పుడు మణికట్టు తిరుగుతోందా, మోచెయ్యి కదులుతోందా, షేడింగ్‌కి పెన్సిల్‌ని ఎంత వాల్చాం అన్నవి పిల్లలు చూసే పట్టేస్తారు. టాబ్లెట్ మీద గీస్తే వాళ్ళకి తెరమీద దానంతటది పాకే గీతే కనిపిస్తుంది, చెయ్యి కనిపించదు.

స్టాండుని మీరు గీసే బల్లకే బిగిస్తే, రబ్బరుతో చెరిపిన ప్రతిసారీ వీడియోలో బొమ్మంతా ఊగిపోతుంది. పక్క బల్లకో అల్మారాకో బిగించండి. ఎదురువైపు బిగించాల్సివచ్చి బొమ్మ తలకిందులైతే ఓబీఎస్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో తిప్పేయొచ్చు. అది ఉచితం. 2020 నుంచి అందులోనే వర్చువల్ కెమెరా కూడా ఉంది, అంటే తిప్పిన బొమ్మని వీడియో కాల్ ఆప్‌కి కెమెరాలా అందించే సదుపాయం.

అసలు తలనొప్పి వెలుతురుతోనే. ఫ్రేమ్ నిండా తెల్లకాగితమే ఉంటే కెమెరా వెలుగెక్కువైందనుకుని తగ్గించేస్తుంది. కాగితం బూడిదరంగులోకి దిగుతుంది. చెయ్యి లోపలికి వస్తే మళ్ళీ మారుతుంది. చాలా ఫోన్లలో తెరమీద కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోకసూ వెలుతురూ రెండూ లాక్ అవుతాయి. అయినా హెచ్‌బి పెన్సిల్‌తో తేలిగ్గా వేసిన గీతలు వీడియో కంప్రెషన్‌లో మాయమవుతాయి. అందుకే నమూనా గీతలు ఇంకా మెత్తగా, నల్లగా పడే 4బి పెన్సిల్‌తో వేస్తాను, "మీరు మాత్రం ఇంత నొక్కి గీయొద్దు" అని చెబుతూ. మెత్తటి షేడింగైతే మెట్లుమెట్లుగా విరిగి కనిపిస్తుంది. దాన్ని లైవ్‌లో చూపించే ప్రయత్నం మానేశాను, క్లాసయ్యాక ఫోటో పంపుతాను.

ఇదంతా మన బల్ల మీది సంగతి. పిల్లలు పంపే ఫోటోల్లో ఇంతకంటే పెద్ద చిక్కుంది. బల్లమీద పడుకోబెట్టిన కాగితాన్ని మనం కూర్చుని ఏటవాలుగా చూస్తాం. ఆ చూపులో కాగితం పొట్టిగా కనిపిస్తుంది కాబట్టి, తెలియకుండానే ముఖాల్ని నిలువునా సాగదీసి గీస్తాం. విద్యార్థి కూర్చున్న చోటి నుంచే ఫోటో తీస్తే అదే వాలు ఫోటోలోనూ ఉంటుంది, తప్పు దాక్కుంటుంది. మీరు "బాగుంది" అంటారు. బొమ్మని గోడకి ఆనించి ఎదురుగా తీయమంటే ముఖం ఎంత సాగిందో బయటపడుతుంది. ఇంకొకటి, స్కానర్ ఆప్‌లోని డాక్యుమెంట్ మోడ్ వద్దని గట్టిగా చెప్పండి. అది కాగితాన్ని తెల్లగా చేసే హడావిడిలో నడిమి ఛాయలన్నీ తుడిచేస్తుంది, వాళ్ళు గంటసేపు వేసిన షేడింగ్‌తో సహా.

టాబ్లెట్ పనికొచ్చేది ఇక్కడే. ఆ ఫోటోని క్రిటా అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, పైన ఇంకో లేయర్ (పారదర్శకమైన పొర) పెట్టి ఎర్రగీతలతో దిద్దుతాను. వాళ్ళ బొమ్మ చెక్కుచెదరదు, లేయర్‌ని ఆపుతూ, మళ్ళీ వేస్తూ తేడా చూపొచ్చు. క్లాసులో పిల్లవాడి కాగితం మీద నేరుగా గీసి దిద్దడం కంటే ఇదే నయమని నా అభిప్రాయం. దీనికి తెర లేని చిన్న టాబ్లెట్ చాలు. 8192 ప్రెషర్ లెవెల్స్ (పెన్ను నొక్కుడులో గుర్తించే స్థాయిలు) అని పెట్టెమీద ఎంత పెద్దగా రాసినా ఈ పనిలో తేడా తెలియదు.

వస్తువుని చూసి గీయించడం మాత్రం దూరం నుంచి కుంటుతూనే ఉంది. విద్యార్థి ముందున్న చెంబు అతనికి ఎలా కనిపిస్తోందో నాకు తెలియదు. దగ్గరగా ఫోటో తీస్తే ముందుభాగం ఉబ్బిపోతుంది. వెనక్కి జరిగి, కంటి ఎత్తులో పట్టి, జూమ్ చేసి తీయమంటాను. పనవుతుంది కానీ పక్కన నిలబడి చూసినట్టు కాదు.

విద్యార్థుల కెమెరా చేతుల వైపు తిప్పించమన్నది నా చివరి సలహా. ముఖాలు కనిపించకపోతే క్లాసు జరిగినట్టుండదని పెద్దవాళ్ళు కొందరు గొణుగుతారు. గొణగనివ్వండి, గీత సగంలో ఉండగానే "ఆగు, మోచెయ్యి కదుపు" అనగలగాలంటే నాకు చెయ్యే కనిపించాలి.