వర్మీ కంపోస్ట్ కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఒక గ్లాసు నీళ్లు తెచ్చుకోండి

మిద్దె తోట ఉన్నవాళ్లు, కొత్తగా మొదలుపెడుతున్నవాళ్లు ఇది ఒకసారి చదవండి. నాకు 5,500 రూపాయలు పోయాయి. డబ్బు సంగతి అలా ఉంచితే, అక్టోబరులో నాటిన 22 టమాటా, వంగ మొక్కల్లో ఇప్పుడు నాలుగే మిగిలాయి.

మా హైదరాబాద్‌లోనే ఒకాయన వర్మీ కంపోస్ట్, అంటే వానపాములతో చేసే ఎరువు, కిలో 8 రూపాయలకే ఇస్తానని వాట్సాప్‌లో పెట్టాడు. ఫొటోలో దోసెడు నల్లటి ఎరువు, అందులో వానపాములు. అది చూసే పడిపోయాను. 40 కిలోల బస్తాలు 15 చెప్పాను. ఎరువుకి 4,800, ఆటోకి 700, అంతా ముందే ఫోన్‌పే చేయించుకున్నాడు. బిల్లు అడిగితే "పంపిస్తా మేడమ్" అన్నాడు. ఇప్పటికీ పంపిస్తూనే ఉన్నాడు.

బస్తాలు దిగినప్పుడే అనుమానం రావాల్సింది. పాత దాణా సంచులు, మీద ఏ వివరమూ లేదు. 40 కిలోలంటే ఎంతో కొంత ఎత్తు ఉండాలి కదా, ఇవి పొట్టిగా, బండరాళ్లలా ఉన్నాయి. మంచి వర్మీ కంపోస్ట్ లీటరు డబ్బా నింపితే 700 నుంచి 900 గ్రాములు తూగుతుంది. వీటిది తర్వాత తూచాను, కిలోంపావు వచ్చింది. మట్టి కలిపితే తప్ప అంత బరువు రాదు.

నేను మాత్రం ఆ ఆదివారమే గ్రో బ్యాగుల్లో సగానికి సగం కలిపేసి నారు నాటేశాను. మూడో రోజు వేలు పెట్టి చూస్తే లోపల గోరువెచ్చగా ఉంది. వారానికి ఆకుల అంచులు మాడాయి, కింది ఆకులు పసుపెక్కాయి. దగ్గరికి వెళితే ముక్కు మండే ఘాటు. పశువుల కొట్టంలో వచ్చే వాసనే. అప్పుడర్థమైంది, వానపాముల సంగతి దేవుడెరుగు, అది సరిగా చీకని పచ్చి పేడ. పచ్చి పేడ కుళ్లేటప్పుడు వేడి పుడుతుంది, అమ్మోనియా వస్తుంది, లేత వేర్లు తట్టుకోలేవు. అందులో చీకని గడ్డి కూడా ఉంటే, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మట్టిలో ఉన్న నత్రజనిని కూడా లాగేసుకుంటాయి. మొక్కకి బలం ఇవ్వాల్సిన ఎరువు మొక్క నోటి దగ్గరిది లాక్కుందన్నమాట.

గుప్పెడు తీసి గాజు గ్లాసులో నీళ్లు పోసి కలిపి అరగంట వదిలేశాను. పైన గడ్డి పరకలు తేలాయి, అడుగున రెండు వేళ్ల మందం ఎర్రమట్టి, ఇసుక. మంచి ఎరువు కూడా కొంత అడుగుకి చేరుతుంది, కాదనను. కానీ దాన్ని వేళ్ల మధ్య రుద్దితే మెత్తగా ఉంటుంది. ఇది గరగరలాడింది.

తడి సంగతి ఇంకో కథ. కిలో తూచి మూడు రోజులు ఎండబెడితే 620 గ్రాములే మిగిలింది. మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం వర్మీ కంపోస్ట్‌లో తేమ 15 నుంచి 25 శాతం మధ్య ఉండాలి. నేను నీళ్లు కూడా కిలో 8 రూపాయలకి కొన్నానన్నమాట.

ఒక బస్తాలో బొటనవేలంత తెల్లటి పురుగులు, ముడుచుకుని పడుకుని ఉన్నాయి. కోనసీమలో ఉన్న మా అమ్మకి ఫొటో పంపిస్తే "ఇవి కొమ్ము పురుగు పిల్లల్లా ఉన్నాయే, పెంటకుప్పలో పుడతాయి, పెద్దయ్యాక కొబ్బరి మొవ్వులు తినేస్తాయి" అంది. ఏరి పారేశాను.

మల్చింగ్‌కని, అంటే మొక్క చుట్టూ మట్టి మీద పరచడానికని, ఆ ఎరువు అమ్మినతను ఊరికే ఇచ్చిన కొబ్బరి పొట్టు కూడా ఉప్పుదే. కడగకుండా పరిస్తే నాలుగు రోజుల్లో మట్టి మీద తెల్లటి పొర కట్టింది. కొబ్బరి పొట్టు ఎవరి దగ్గర కొన్నా రెండు మూడు నీళ్లు మార్చి కడగండి. అసలు ఆచ్ఛాదనకి డబ్బు పెట్టడమే దండగ అని నా అభిప్రాయం. మా కాలనీలో రోజూ ఊడ్చి తగలబెట్టే ఎండుటాకులు చాలు. ఇప్పుడు అవే పరుస్తున్నాను, కాండానికి తగలకుండా రెండంగుళాలు వదిలి.

ఫోన్ చేస్తే మొదట "నీళ్లు ఎక్కువ పోశారు మేడమ్" అన్నాడు, తర్వాత "మొదటి వారం అలాగే ఉంటుంది" అన్నాడు, ఆ తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు ఇచ్చాను. చేతిలో బిల్లు ఉంటే నా మాటకి ఇంకాస్త బలం ఉండేది.

మీరు ముందు ఒక్క బస్తానే తెప్పించుకోండి. కొద్దిగా తడిపి జిప్ కవర్‌లో మూడు రోజులు మూసి ఉంచండి. తెరవగానే తొలకరి వాన వాసన వస్తే సరే, ఘాటు వస్తే వద్దు. ఆ ఎరువులో కొన్ని మెంతులు, మామూలు మట్టిలో కొన్ని మెంతులు చల్లి, రెండూ ఒకేలా మొలుస్తాయో లేదో వారం చూడండి. నేను ఆ వారం ఆగి ఉంటే నా నారు బతికేది.

మిగిలిన బస్తాలు టార్పాలిన్ మీద కుమ్మరించి, ఎండుటాకులు కలిపి, వారానికోసారి తిరగేస్తున్నాను. రెండు నెలలకైనా పనికొస్తుందేమో చూడాలి, ఇసుక మాత్రం ఎక్కడికీ పోదు.

నిన్న ఇంకో వాట్సాప్ గ్రూపులో అదే దోసిలి, అవే వానపాముల ఫొటో కనిపించింది. నంబరు మారింది, ధర కిలో 7 రూపాయలైంది.