పూర్తిగా తెరుచుకునే కాన్పు సంచి: నాలుగేళ్ళు వాడాక

కాన్పుకు వెళ్ళేటప్పుడు ఏమేం సర్దుకోవాలో చెప్పేవాళ్ళకు కొదవ లేదు. ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశా దీదీ చెబుతుంది, అత్తయ్య చెబుతుంది, పక్కింటావిడ అడగకుండానే చెబుతుంది. వాటన్నిటినీ ఎలాంటి సంచిలో సర్దాలో మాత్రం ఎవరూ చెప్పరు. నాకు చెప్పాలని ఉన్నది ఆ సంచి గురించే.

మా మొదటి పిల్ల కడుపులో ఉన్నప్పుడు ఒడిశాలోని మా బరంపురం బజారులో కొన్నాను. మందపాటి గుడ్డ సంచి, వెయ్యి రూపాయల లోపే. రంగు, కొలతలు, భుజం పట్టీ, ఇవన్నీ ఏ సంచికైనా ఉండేవే. దీని విశేషం నోరు. జిప్పు పైన ఒక్కవైపే ఉండదు, మూడు వైపులా తిరుగుతుంది. లాగితే మూత పూర్తిగా వెనక్కి పడి, సంచి రెండు పలకలుగా నేలమీద పరుచుకుంటుంది. లోపల రెండు పలకలకూ వల జేబులు, వాటికి విడివిడిగా చిన్న జిప్పులు. మూత లోపలి వైపు కాగితాలకు ఒక పలచని అర. అంతే. ఈ అంత మీదే నాకు చెప్పలేనంత ప్రేమ.

నొప్పులు పడే మనిషి తన సంచి తాను తెరవదు కదా. తెరిచేది తోడు వచ్చిన తల్లో, అత్తో, కంగారులో ఉన్న భర్తో. కాన్పు గది తలుపు కొంచెం తెరిచి సిస్టర్ తల బయటపెడుతుంది, బిడ్డకు గుడ్డలు ఇవ్వమంటుంది, అప్పటికప్పుడు ఇవ్వాలి. లోతుగా ఉండే సంచి అయితే మోచేతి దాకా చేయి దూర్చి కెలకాలి. నైటీ కావాలంటే దువ్వెన చేతికొస్తుంది, టోపీ కావాలంటే రస్కుల పొట్లం వస్తుంది. మా పెద్దమ్మ కూతురి కాన్పులో చక్రాల పెట్టె తీసుకెళ్ళారు. చూడటానికి దర్జాగా ఉంది కానీ, వరండాలో జనం మధ్య దాన్ని పడుకోబెట్టి తెరిచే చోటు దొరికేలోపు సిస్టర్ ఇంకొకరి గుడ్డలు అడిగి తీసుకుని బిడ్డకు చుట్టేసింది.

మా అమ్మకు ఏ లిపీ చదవడం రాదు. అందుకని జిప్పు కొనలకు రంగు దారాలు ముడివేశాను. ఎరుపు బిడ్డది, పసుపు తల్లిది, తెలుపు కాగితాలది. ఆ దారాలు ఈ నాలుగేళ్ళలో వెలిసిపోతే మార్చాను గానీ రంగుల వరస మార్చలేదు. ఇప్పుడు మా వీధిలో కాన్పుకు వెళ్ళే ప్రతి ఇంటికీ ఆ వరస తెలుసు. సంచి కూడా మా ఇంట్లో కంటే ఊరి మీదే ఎక్కువ తిరిగింది.

ఏం సర్దాలన్నది అందరికీ తెలిసిందే కాబట్టి ఒకటి రెండు మాటలతో వదిలేస్తాను. బిడ్డ కోసం ఉతికి ఎండలో ఆరేసిన పాత నూలు చీర ముక్కలు, టోపీ, మేజోళ్ళు చాలు. పౌడరు, నూనె, సబ్బు, కాటుక కలిపి రంగు డబ్బాలో అమ్మే సెట్లు దండగ. పుట్టిన బిడ్డకు కనీసం 24 గంటల దాకా స్నానమే వద్దంటున్నారు కదా, ఇక సబ్బెందుకు? తల్లికి ముందు వైపు తెరుచుకునే నైటీలు, న్యాప్కిన్లు, పాత దుప్పటి. తోడు వెళ్ళేవాళ్ళకు చాప, ప్లాస్కు, చిల్లర నోట్లు. ప్రభుత్వ ఆసుపత్రి అయితే మందులు మూటగట్టుకెళ్ళే పని లేదు. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద కాన్పు, ఆపరేషన్, మందులు, పరీక్షలు అన్నీ ఉచితం. మామూలు కాన్పుకు 3 రోజులు, ఆపరేషన్ అయితే 7 రోజుల దాకా తల్లికి భోజనం కూడా వాళ్ళదే. వేడి నీళ్ళు మాత్రం అడిగినప్పుడల్లా దొరుకుతాయని నమ్మకండి.

ఇక అసలు కథ మా చెల్లెలి కాన్పుది.

చెల్లెల్ని సరిహద్దుకు అవతల, ఆంధ్రాలోని పాతపట్నం వైపు ఇచ్చాం. పురిటికి ఒడిశా వైపున్న మా పర్లాకిమిడి వచ్చింది. వానాకాలం. నెలలు ఇంకా పూర్తి కాలేదు, ఒక సాయంత్రం తలనొప్పి, కళ్ళు మసకలు అంది. ఆసుపత్రిలో చూస్తే రక్తపోటు 160/110. ఫిట్స్ రాకుండా ఇంజక్షన్ ఇచ్చి, బరంపురం పెద్దాసుపత్రికి వెళ్ళిపొమ్మన్నారు. 108 వచ్చింది. మోహన మీదుగా వెళితే ఒడిశా దాటక్కర్లేదు గానీ అది కొండదారి, పైగా వాన. డ్రైవరు పలాస వైపు దిగి జాతీయ రహదారి ఎక్కాడు. మా ఒడిశాలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఆంధ్రా దాటుకుని వెళ్ళడం మాకు కొత్త కాదు.

సంచి ఆ రోజు మామూలు కంటే లావుగా ఉంది. అమ్మ చివరి నిమిషంలో ఒక ఉన్ని దుప్పటి, స్టీలు గిన్నె, పైన బాలింతలకు పెట్టే శొంఠి కాయం డబ్బా కుక్కింది. ఆపరేషన్ అయిన మనిషికి కాయం అప్పుడే పెట్టనివ్వరమ్మా అంటే వినదు. "బాలింత ఇంటికి కాయం లేకుండా వెళతారటే" అంది. కాయం తీసుకెళ్ళేది ఇంటికి కాదు, ఆసుపత్రికి అని వాదించే సమయం అది కాదు.

ఇచ్ఛాపురం దగ్గర ఒక గతుకు మీద బండి ఎగిరింది. బల్ల కింద ఉన్న సంచి జిప్పు ఒక మూల దగ్గర పటపటమని విడిపోయింది. రన్నరు ముందుకే ఉంది, దాని వెనక పళ్ళు తెరుచుకున్నాయి. ఈ రకం జిప్పులకు ఇదే జబ్బు. మూల తిరిగే చోట బరువంతా పళ్ళ మీద పడుతుంది, రన్నరు దవడలు కొంచెం వదులైతే చాలు, వెనక ఉన్నది పట్టు విడుస్తుంది. మూడు వైపులా తిరిగే జిప్పుకు రెండు మూలలు ఉంటాయి కాబట్టి, నేను ఇంతగా మెచ్చుకునే ఆ నోరే దీనికి బలహీనత కూడా.

స్టీలు గిన్నె దొర్లుకుంటూ స్ట్రెచర్ చక్రం కిందికి పోయింది. ప్లాస్కు పగల్లేదు, అదృష్టం. చెల్లెలి నైటీలు, లంగాలు, తువ్వాళ్ళు అందరి చెప్పుల తడి ఉన్న నేల మీద పడ్డాయి. నేను ఒక చేత్తో చెల్లెల్ని పట్టుకుని రెండో చేత్తో ఏరుతున్నాను. అమ్మ మాత్రం మొదట వల జేబు తడిమింది. ఎరుపు దారం జిప్పు వేసినట్టే ఉంది. బిడ్డ గుడ్డలన్నీ లోపలే, మడతలు కూడా చెదరలేదు. మూత అరలో కాగితాలు పొడిగా ఉన్నాయి. పై జిప్పు పోయినా లోపలి జిప్పులు తమ పని తాము చేశాయి. కొన్నప్పుడు ఈ వల జేబులు కంటికి కనబడేందుకని అనుకున్నాను. రెండో తలుపులాగా కాపాడతాయని ఆ రాత్రే తెలిసింది.

అమ్మ ఒక లంగా నాడా లాగేసి, సంచి చుట్టూ రెండు చుట్లు తిప్పి ముడివేసింది. అలాగే దిగాం. ఆపరేషన్ చేసి పాపను తీశారు. 2 కిలోల లోపే ఉంది. నవజాత శిశువుల వార్డుకు తీసుకెళుతూ సిస్టర్ గుడ్డలు, టోపీ అడిగింది. అమ్మ నాడా విప్పనే లేదు. విడిపోయిన మూలలోంచి చేయి పెట్టి, ఎరుపు దారం పట్టి లాగి, అడిగినవి తీసిచ్చింది. తర్వాత పాపను తల్లి గుండెకు ఆనించి పడుకోబెట్టమన్నప్పుడు ముందు తెరుచుకునే నైటీ ఒక్కటే పొడిగా మిగిలింది, అది పసుపు జేబులో ఉన్నందువల్ల. బయట వదులుగా పెట్టినవన్నీ ఆసుపత్రి మేడ మీద ఆరేసుకున్నాం.

కాగితాల అర గురించి కూడా చెప్పాలి, సరిహద్దులో ఉండేవాళ్ళకు ఇది సంచి కంటే ముఖ్యం. చెల్లెలి తల్లీబిడ్డల కార్డు తెలుగులో ఉంది. బరంపురంలో డాక్టరమ్మకు తెలుగు చదవడం రాదు, అయినా బరువు, రక్తపోటు, హిమోగ్లోబిన్ అంకెల్లోనే ఉన్నాయి కాబట్టి పని ఆగలేదు. దాని వెనకే స్కాను రిపోర్టులు, రక్తం గ్రూపు కాగితం, ఆధార్ నకళ్ళు, తల్లి పేరు మీదే ఉన్న బ్యాంకు పాసుపుస్తకం నకలు. ఆసుపత్రిలో కాన్పు అయితే ప్రభుత్వం తల్లికి ఇచ్చే జననీ సురక్ష డబ్బు (ఒడిశాలో పల్లెవాళ్ళకు 1,400, పట్నంవాళ్ళకు 1,000) ఖాతాలో పడేది ఆ నకలు చూపిస్తేనే. ఇంకొకటి, తల్లి పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు ఆధార్‌లో ఉన్నట్టే ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన చీటీ. బిడ్డ ఎక్కడ పుడితే అక్కడే జననం నమోదవుతుంది, మీ ఇల్లు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. 21 రోజుల లోపు అయితే రుసుము ఉండదు. మన ఇంటిపేర్లు నోటితో చెబితే అవతలివాళ్ళ చెవికి ఎలా వినబడితే అలా రాస్తారు. మా బంధువుల పిల్లాడికి అలా వచ్చిన ఇంటిపేరును సరిచేయించడానికి వాళ్ళ నాన్న ఇప్పటికీ తిరుగుతున్నాడు. బిడ్డ పేరు తర్వాత చేర్చుకోవచ్చు, తొందర లేదు. తల్లిదండ్రుల పేర్లే మొదటిసారి సరిగ్గా పడాలి.

ఇంటికొచ్చాక పర్లాకిమిడిలో చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పళ్ళు చూసి "జిప్పుకేమీ కాలేదు, రన్నరే అరిగింది" అని ఇత్తడి రన్నరు వేసి, మూలల దగ్గర లోపల తోలు ముక్క పెట్టి కుట్టాడు. నలభై రూపాయలు. అప్పటి నుంచి మళ్ళీ విడిపోలేదు. ఏడాదికోసారి కొవ్వొత్తి ముక్కతో పళ్ళు రుద్దుతాను. కంపెనీ మొదటే ఆ తోలు ముక్క, ఆ ఇత్తడి పెట్టి ఉంటే వాళ్ళకు ఎంత ఖర్చయ్యేదో నాకు తెలియదు గానీ, ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

నేను మొదట్లో ఈ సంచిని అందరికీ కళ్ళు మూసుకుని కొనమని చెప్పేదాన్ని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. నోరు పూర్తిగా తెరవాలంటే నేల మీద చాప ముక్కంత చోటు కావాలి. మంచాల మధ్య మనిషి పట్టడమే కష్టమైన వార్డుల్లో సగమే తెరిచి పని చేసుకోవాల్సి వచ్చింది. తెరిస్తే మన సరంజామా అంతా పక్క మంచం వాళ్ళకు ప్రదర్శన. సిగ్గుపడే కొత్త కోడళ్ళకు అది నచ్చదు, మా ఆడపడుచుకు అసలు నచ్చలేదు. లోపలి అస్తరు మీద అప్పుడు కారిన కాయం నెయ్యి మరక ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. శొంఠి వాసన కూడా మిగిలింది, ఎండాకాలంలో ఇంకాస్త ఎక్కువ. ఇది సంచి తప్పు కాదు, అమ్మది కూడా కాదు, మూత సరిగా పట్టని డబ్బాది.

కారులో విశాఖ వెళ్ళి గది తీసుకుని ఉండేవాళ్ళకు ఈ గొడవంతా అక్కర్లేదు, ఇంట్లో ఉన్న ఏ సంచి అయినా పనికొస్తుంది. బస్సులోనో ఆటోలోనో వెళ్ళి, వరండాలో చాప వేసుకుని, తోడుకు చదువు రాని మనిషిని పెట్టుకునే మాలాంటి వాళ్ళకైతే నా ఓటు దీనికే. దుకాణంలో ఖాళీ సంచి జిప్పు లాగి చూసి సంతోషపడకండి. అక్కడే ఉన్న దుప్పటి ఏదైనా కుక్కి, మూలల దగ్గర నాలుగుసార్లు ముందుకూ వెనక్కూ లాగి చూడండి. రన్నరు పలచగా అనిపిస్తే, సంచి నచ్చినా సరే, ఇంటికి వెళ్ళే దారిలోనే ఇత్తడిది వేయించుకుని వెళ్ళండి.