సున్నమా, నికెలా, ఇల్మనైటా: లూపింగ్‌లో ఏ పొడి నిలబడుతుంది?

ఇంధనం కాల్చినప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలవకుండా విడిగా పట్టే పద్ధతి లూపింగ్. ఆ ప్లాంటు అంటే రెండు రియాక్టర్లు, వాటి మధ్య ఆగకుండా తిరిగే వేడి పొడి. ఆ పొడి ఎన్నాళ్లు పనిచేస్తుందన్నదాని మీద ఖర్చు చాలావరకు ఆధారపడి ఉంటుంది.

కాల్షియం లూపింగ్‌లో సున్నం 650 డిగ్రీల సెల్సియస్ దగ్గర పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని కాల్షియం కార్బొనేట్‌గా మారుతుంది. 900 డిగ్రీల దగ్గర దాన్ని వదిలేసి మళ్లీ సున్నమవుతుంది. కెమికల్ లూపింగ్ వేరే పద్ధతి. అక్కడ లోహపు ఆక్సైడ్ గాలి నుంచి ఆక్సిజన్ తీసుకుని ఇంధనానికి అందిస్తుంది. గాలిలోని నైట్రోజన్ ఇంధనం వైపు రాదు కాబట్టి, వచ్చే పొగలోంచి నీటి ఆవిరిని చల్లార్చి తీసేస్తే మిగిలేది దాదాపు కార్బన్ డయాక్సైడే. రెంటి పనీ వేరు, పాడయ్యే తీరూ వేరు.

ముందు సున్నం. కాగితం మీద దీనికి తిరుగులేదు. కిలో సున్నం 786 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పట్టాలి. మామూలు సున్నపురాయి మొదటి సైకిల్లో, అంటే ఒకసారి పట్టి వదిలే చుట్టులో, అందులో 70 శాతం దాకా పడుతుంది. పదో సైకిల్‌కి పాతిక శాతం దగ్గరికి జారిపోతుంది. వందల సైకిళ్లు దాటాక ఏడెనిమిది శాతం దగ్గర ఆగుతుంది. పది శాతమే పనిచేస్తోందనుకుంటే, కిలో కార్బన్ డయాక్సైడ్ మోయడానికి దాదాపు 13 కిలోల సున్నం తిరగాలి. అంత పొడినీ 650 నుంచి 900కి మళ్లీ మళ్లీ వేడెక్కించాలి మరి!

కారణం సింటరింగ్. రాయి మొదటిసారి కాలినప్పుడు కార్బన్ డయాక్సైడ్ పోయిన చోటల్లా సన్నని రంధ్రాలు మిగులుతాయి, పని జరిగేది వాటి గోడల మీదే. ఆ వేడికి రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, సన్న రంధ్రాలు కలిసిపోయి కొన్ని పెద్ద రంధ్రాలవుతాయి, లోపలి ఉపరితలం తగ్గిపోతుంది. పైగా కార్బొనేట్‌కి సున్నం కంటే రెట్టింపు పైగా చోటు కావాలి. గోడ మీద పల్చని పొర కట్టేసరికే లోపలి సున్నానికి దారి మూసుకుపోతుంది. పొగలో సల్ఫర్ డయాక్సైడ్ ఉంటే ఇంకో దెబ్బ: అది కాల్షియం సల్ఫేట్‌గా మారి అలాగే ఉండిపోతుంది, ఆ సున్నం ఇక తిరిగి రాదు.

నీటి ఆవిరి పట్టించి సున్నానికి మళ్లీ ఊపిరి పోయొచ్చు. పట్టే శక్తి బాగానే తిరిగొస్తుంది కానీ రేణువు పెళుసెక్కి, గ్యాసు నుంచి పొడిని గిరగిరా తిప్పి వేరుచేసే సైక్లోన్లలో పొడిపొడి అవుతుంది. డోలమైట్ (కాల్షియం, మెగ్నీషియం కార్బొనేట్లు కలిసిన రాయి) వాడితే అందులోని మెగ్నీషియం ఆక్సైడ్ సున్నపు రేణువులు అతుక్కోకుండా అడ్డుంటుంది. కాకపోతే అది కార్బన్ డయాక్సైడ్ పట్టదు, ఊరికే బరువు. ఈ రెండు వైద్యాల మీదా నాకు పెద్ద నమ్మకం లేదు. రాయి చవక, పాతది తీసి కొత్తది వేయడమే నయం.

ఇక కెమికల్ లూపింగ్ పొడులు. వీటిలో మన్నికలో నికెల్‌ది పైచేయి. స్వీడన్‌లోని చాల్మర్స్ యూనివర్సిటీలో నికెల్ ఆక్సైడ్ రేణువులను వెయ్యి గంటలకు పైగా సహజవాయువుతో నడిపారు. రేణువు 45 మైక్రాన్ల కంటే చిన్నదైతే ఇక పనికిరానట్టు లెక్క. అలా పోయింది గంటకు 0.003 శాతం, అంటే ఆయుష్షు సుమారు 33,000 గంటలు. ఇది అంచనాయే, అన్ని గంటలు ఎవరూ నడిపి చూడలేదు. ఇబ్బందులేంటంటే, ధర ఎక్కువ, నికెల్ ఆక్సైడ్ దుమ్ము క్యాన్సర్ కారకం, సల్ఫర్ తగిలితే చురుకుదనం పడిపోతుంది. అరిగిన దుమ్మును బయటికి వదిలేయడం కుదరదు, పట్టి దాచాల్సిందే. రాగి ఆక్సైడ్ చురుకైనదే, కానీ రాగి 1085 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి, ఆ దగ్గరికి వెళ్లకముందే మెత్తబడి ముద్దకట్టే భయం ఉంటుంది.

ఇల్మనైట్ ఇనుము, టైటానియం కలిసిన ఖనిజం. ఇది మోసే ఆక్సిజన్ కొద్దిశాతమే. నికెల్ ఆక్సైడ్‌లో 21 శాతం ఆక్సిజన్ ఇంధనానికి దొరుకుతుంది. హెమటైట్ అనే ఇనుప ఆక్సైడ్, ఆక్సిజన్ కొంచెం తక్కువున్న మాగ్నటైట్‌గా మారే పనిలో దొరికేది 3.3 శాతమే, ఇల్మనైట్‌దీ ఇంచుమించు అదే దారి. కానీ కొన్ని సైకిళ్లు గడిచాక ఇది మొదటికంటే చురుగ్గా పనిచేస్తుంది. లోపలి ఇనుము మెల్లగా రేణువు అంచుకి చేరి పెంకులా పేరుకుంటుంది, లోపల రంధ్రాలు పెరుగుతాయి. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది: ఆ పెంకు పగిలి రాలిపోతుంది. దీని ఆయుష్షును వందల గంటల్లోనే చెప్పుకోవాలి.

మరి గెలుపు నికెల్‌దేనా? ఇంధనం శుభ్రమైన గ్యాసైతే, దుమ్మును గట్టిగా అదుపు చేయగలిగితే, అవును. బొగ్గో బయోమాసో అయితే నా ఓటు ఇల్మనైట్‌కే. బూడిదను ఎప్పటికప్పుడు తీసేయాలి కదా, దాంతోపాటు మంచి రేణువులూ పోతాయి. నాలుగేళ్లు మన్నే పొడి నెలలోపే బూడిదతో వెళ్లిపోతే ఆ మన్నికకు కట్టిన డబ్బు వృథా. ఇల్మనైట్ పోతే పోయింది, ఇంకొంచెం పోస్తాం.

సిమెంటు ఫ్యాక్టరీ దగ్గరైతే సున్నానికే మొగ్గు. అలిసిపోయిన సున్నం ఆ ఫ్యాక్టరీకి ముడిసరుకు, సల్ఫేట్ మాత్రం హద్దులో ఉండాలి. అక్కడ సున్నం త్వరగా పాడవడం పెద్ద లోపమేమీ కాదు, ఎలాగూ కొత్త రాయి కాల్చాల్సిందే.

ఏ పదార్థం గురించైనా ల్యాబ్ గ్రాఫు చూపిస్తే, దాన్ని ఎలా పరీక్షించారో ముందు అడగండి. థర్మోబ్యాలెన్స్‌లో (వేడిచేస్తూ బరువు చూసే త్రాసులో) చిటికెడు పొడి కదలకుండా కూర్చుంటుంది: గోడలకు కొట్టుకోదు, బూడిద తగలదు. అక్కడ వంద సైకిళ్లు నిలిచిన రేణువు ఫ్లూయిడైజ్డ్ బెడ్‌లో, అంటే కింది నుంచి ఊదే గ్యాసుకి పొడి మరుగుతున్నట్టు కదిలే రియాక్టర్లో, నిలుస్తుందని గ్యారంటీ లేదు. సున్నాన్ని కార్బన్ డయాక్సైడ్ లేని గాలిలో, తక్కువ వేడి మీద కాల్చి చూపించినా అంతే. అసలు ప్లాంటులో దట్టమైన కార్బన్ డయాక్సైడ్ మధ్య, 900 డిగ్రీల పైన కాల్చాలి, సింటరింగ్ అక్కడ ఇంకా జోరుగా సాగుతుంది.