రెట్ పిల్లల చేతులకు ఏది మేలు: మోచేతి స్ప్లింటా, చెయ్యి పట్టి చేయించడమా?

రెట్ సిండ్రోమ్ అంటే ఎక్కువగా ఆడపిల్లల్లో కనిపించే జన్యు సమస్య; చేతుల వాడకం తగ్గిపోయి, పిల్ల ఊరికే చేతులు పిసుక్కుంటూ, నోట్లో పెట్టుకుంటూ ఉంటుంది. ఇది ఉన్న పిల్లల తల్లులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "మోచేతికి స్ప్లింట్ (వంగకుండా ఆపే పట్టీ) వేయమంటున్నారు, పిల్లను కట్టేసినట్టు ఉండదా? మనమే చెయ్యి పట్టుకుని చేయిస్తే సరిపోదా?" మా అమ్మాయికి రెండూ చేశాం. మొదటి రెండేళ్లు చెయ్యి పట్టి చేయించాం, ఆ తర్వాత స్ప్లింట్‌కు మారాం. నా మొగ్గు ఎటో మీకు తెలిసిపోయే ఉంటుంది.

చెయ్యి పట్టి చేయిస్తే పని పూర్తవుతుంది. చెంచా నోటిదాకా వెళ్తుంది, బంతి బుట్టలో పడుతుంది. కొత్త పని ఎలా ఉంటుందో పిల్లకు రుచి చూపించడానికి ఇది మంచి దారే. చిక్కేమిటో నాకు ఒకరోజు వీడియో తీసి చూసుకుంటే గానీ అర్థం కాలేదు. చెంచాను పట్టుకున్నవి నా వేళ్లు. పిల్ల చెయ్యి నా చేతిలో మెత్తగా వాలి ఉంది, చూపు కిటికీ వైపు ఉంది. అన్ని నెలలూ ఎక్సర్‌సైజ్ అయింది నాకే!

అప్పటినుంచి నేను ఏ పద్ధతినైనా ఒకే ప్రశ్నతో చూస్తున్నాను: కదలిక మొదలుపెట్టింది ఎవరు? రెట్‌లో చేతులకు పెద్ద అడ్డంకి అప్రాక్సియా. పిల్లకు కావాలని ఉంటుంది, కానీ ఆ కోరిక చేతిదాకా చేరడానికి చాలా సేపు పడుతుంది. మా అమ్మాయి ముందు బొమ్మను చూస్తుంది, తర్వాత చూపు పక్కకు తిప్పేస్తుంది, ఆ తర్వాతే చెయ్యి కదులుతుంది. ఈ వరస తెలియక, చూపు తిప్పగానే ఇష్టం లేదనుకుని బొమ్మ తీసేసేవాళ్లం. లేదంటే ఆత్రంగా చెయ్యి పట్టేసేవాళ్లం. ఏమీ చేయకుండా 20 సెకన్లు ఊరుకుని చూడండి, అదెంత కష్టమో తెలుస్తుంది.

ఊరికే ఎదురుచూస్తే మాత్రం ఆ 20 సెకన్లలో చేతులు రెండూ కలిసి పిసుక్కోవడం మొదలవుతుంది. స్ప్లింట్ పనికొచ్చేది అక్కడే. మోచెయ్యి వంగకపోతే ఆ చెయ్యి నోటికి వెళ్లదు, రెండో చేతిని వెతుక్కుంటూ మధ్యకు రాదు. వేళ్లకు ఏ అడ్డూ ఉండదు. రెండో చెయ్యి తన పని తాను చూసుకుంటుంది. అందుకే తక్కువ వాడే చేతికి వేయాలి. వస్తువు కోసం ఏ చెయ్యి ముందు కదులుతోందో ఓ వారం గమనించి రాసుకుని, ఆ కాగితం థెరపిస్ట్‌కు చూపించండి. మాకు మొదట రెండు చేతులకూ ఒకేసారి వేశారు. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది, ఆ తర్వాత నెల రోజులు స్ప్లింట్ కనబడితేనే టెన్షన్ పడేది.

స్ప్లింట్‌ను పొగిడి వదిలేయలేను. దీని మీద జరిగిన పరిశోధనలు చాలావరకు కొద్దిమంది పిల్లలతో చేసినవే. కొందరికి బాగా పనిచేసింది, కొందరికి తేడా లేదు. తీసేశాక పిసుకుడు మళ్లీ వస్తుంది కూడా. కాబట్టి పని చేసే కాసేపే వేయాలి. మేము 10 నిమిషాలతో మొదలుపెట్టాం. తీశాక చర్మం ఎర్రబడిందేమో చూడాలి, పిల్ల గింజుకుంటే వెంటనే తీసేయాలి. నిద్రలో ఈ కదలికలు ఎలాగూ చాలావరకు ఆగిపోతాయి, పని కోసం వేసే స్ప్లింట్‌తో రాత్రిళ్లు అవసరం లేదు.

చేతి తొడుగుల గురించీ అడుగుతారు. కొరుక్కోవడం వల్ల చర్మం చిట్లుతుంటే కాపాడతాయి, కానీ వేళ్లు మూసుకుపోతాయి కాబట్టి చేతి వాడకానికి పనికిరావు. చూపుతో మాట్లాడించే పరికరాలది వేరే పని. చేతులు బాగుపడ్డాక చూద్దామని వాటిని వాయిదా వేయకండి.

ఇప్పుడు మా పద్ధతి ఇది. ఎడమ మోచేతికి స్ప్లింట్, ముందు పాట వినిపించే పెద్ద బటన్, కుడి మోచెయ్యి కింద ఆసరాగా నా అరచెయ్యి, అంతే. మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటాను. ఒక్కోసారి 8కే నొక్కేస్తుంది, ఒక్కోసారి 40 దాటినా నొక్కదు. అన్నం దగ్గర మాత్రం ఇప్పటికీ చెయ్యి పట్టుకునే తినిపిస్తున్నాను. ఆకలి మీద ఉన్న పిల్లను అంతసేపు ఆగమనడం నావల్ల కాదు.