ఊళ్లో హాలా, వైజాగ్ మల్టీప్లెక్సా, ఇంట్లో టీవీయా?

శుక్రవారం పెద్ద సినిమా పడిందంటే చాలు, విజయనగరం, శ్రీకాకుళం కుర్రాళ్లలో సగం మంది వైజాగ్ బస్సు కోసం చూస్తారు. అక్కడైతే బొమ్మా సౌండూ అదిరిపోతాయని నమ్మకం. అందులో సగమే నిజం. మిగతా సగం ఏసీ చల్లదనం, పాప్‌కార్న్ వాసన, ఫోన్లో పెట్టుకునే ఫొటో. హీరో ఎవరన్నది పక్కన పెట్టి, ఆ సినిమాకు కావలసింది బొమ్మా, శబ్దమా, పక్కన జనమా అని చూసుకుంటే ఎక్కడికెళ్లాలో దానంతటదే తేలిపోతుంది.

ముందు డబ్బు సంగతి. 2022 మార్చి 7 నాటి జీవో 13 ప్రకారం కార్పొరేషన్ ఊళ్లలో ఏసీ సింగిల్ స్క్రీన్ టికెట్ తరగతిని బట్టి 70, 100 రూపాయలు. మల్టీప్లెక్స్‌లో మామూలు సీటు 150, రిక్లైనర్ 250. దీని మీద జీఎస్టీ పడుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వంద వరకు టికెట్టుకు 5 శాతం, వంద దాటితే 18 శాతం. అంటే వంద టికెట్ 105 అవుతుంది, నూట యాభైది 177, రిక్లైనర్ 295. మన రెండు ఊళ్లూ కార్పొరేషన్లే కాబట్టి వైజాగ్‌కీ మనకీ రేట్ల పట్టిక ఒకటే. తేడా హాలు రకంలోనే. యాప్‌లో కొంటే బుకింగ్ ఛార్జీ వేరే. నలుగురికి కొంటే నాలుగుసార్లు పడుతుంది. పెద్ద సినిమాలకు మొదటి రోజుల్లో ప్రభుత్వం విడిగా పెంచుకోనిస్తుంది, అప్పుడు ఈ లెక్క పనిచేయదు.

టికెట్టు కన్నా బరువైనది ప్రయాణం. విజయనగరం నుంచి వైజాగ్ అరవై కిలోమీటర్ల లోపే, బస్సులో సుమారు గంటన్నర. శ్రీకాకుళం నుంచి వంద దాటుతుంది, రెండున్నర గంటలు వేసుకోవాలి. విజయనగరం వాళ్లకు రైలు కూడా బాగుంటుంది. శ్రీకాకుళం వాళ్లకు స్టేషన్ ఆమదాలవలసలో ఉంది కాబట్టి అక్కడి దాకా పోయే తిప్పలే ఎక్కువ, బస్సే మేలు. సీఎంఆర్ సెంట్రల్‌లోని ఐనాక్స్‌కు వెళ్లేవాళ్లు ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండు దాకా పోనక్కర్లేదు, మద్దిలపాలెంలో దిగిపోతే సరి. మ్యాట్నీకి వెళ్లండి. సెకండ్ షో వదిలేసరికి అర్ధరాత్రి దాటుతుంది, తిరుగు బస్సు కోసం కాంప్లెక్స్‌లో కూర్చుంటే చూసిన సినిమా కాస్తా మరిచిపోతారు.

ఇక అసలు విషయం, ఊళ్లో హాలు. ఏ హాలు బాగుంటుందన్న ప్రశ్నకు బయట వేసిన బోర్డు జవాబు చెప్పదు. ప్రొజెక్టర్‌లో జినాన్ దీపం ఉంటే దాని ఆయుష్షు రకాన్ని బట్టి సుమారు వెయ్యి నుంచి రెండు వేల గంటలు. రోజుకు నాలుగు ఆటలేసే హాల్లో అది ఏడాది లోపే అయిపోతుంది. ఖరీదైన సరుకు కదా అని ఇంకొన్నాళ్లు లాగితే ముందు దెబ్బతినేవి రాత్రి సీన్లు: మొహాలు మసకబారతాయి, నల్ల చొక్కా, వెనక గోడ ఒకటైపోతాయి. 2డీ సినిమాకు తెర నుంచి రావాల్సిన వెలుగు 14 ఫుట్ లాంబర్ట్‌లని ప్రమాణం. మనం మీటరు పట్టుకెళ్లం కాబట్టి ఈ రాత్రి సీన్ల పరీక్షే చాలు.

మరో చిక్కు 3డీ కోసం వేసిన సిల్వర్ తెర. దాన్నే 2డీకి కూడా వాడితే మధ్యలో వెలుగు గుమిగూడి, అంచులు చీకటి పడతాయి. అలాంటి హాల్లో పక్క సీట్లు ఊరికే ఇచ్చినా వద్దు, నడి వరుసలో నడి సీటు పట్టండి. తెరకు పైనా కిందా బూడిద రంగు పట్టీలు కనిపిస్తున్నాయంటే ఆ సినిమా స్కోప్ అనే వెడల్పాటి కొలతలో ఉంది, ఆ పట్టీలను కప్పే నల్ల గుడ్డ సర్దేవాళ్లు లేరు. చిన్న విషయమే కానీ, ఆ గుడ్డ సర్దే హాల్లో మిగతావి కూడా శ్రద్ధగా చూస్తారనుకోవచ్చు.

శబ్దం సంగతికొస్తే, బాల్కనీ కింద పడే కింది క్లాసు వెనక వరుసల్లో కూర్చోకండి. నెత్తి మీద కప్పు ఉండటంతో పైనుంచి రావాల్సిన ధ్వని అడ్డుపడి, డైలాగ్ గుహలోంచి మాట్లాడినట్టుంటుంది. బాల్కనీ మొదటి వరుస చూడటానికి గొప్పగా ఉంటుంది గానీ చాలా చోట్ల ముందున్న కమ్మీ తెర అడుగును కోసేస్తుంది. తెర వెడల్పుకు ఒకటిన్నర రెట్ల దూరంలో ఉన్న వరుస దొరికితే అంతకన్నా మంచి చోటు లేదు. పక్క గోడనున్న స్పీకరుకు ఆనుకుని కూర్చుంటే ఒక చెవికే సినిమా వినిపిస్తుంది.

ఖాళీ హాల్లో సౌండు ఎందుకు గోల గోలగా ఉంటుందో తెలుసా? మనుషుల ఒళ్లు, బట్టలు ధ్వనిని పీల్చుకుంటాయి. సోమవారం మార్నింగ్ షోలో పదిహేను మందే ఉంటే ఆ పని చేసేవాళ్లు లేక గోడలన్నీ తిరిగి పలుకుతాయి. మొదటి రోజు హౌస్‌ఫుల్‌లోనేమో ఈలల ముందు డైలాగ్ నిలవదు. నా ఓటు మూడో రోజు, ఆదివారం ఫస్ట్ షోకి. హాలు నిండుగానే ఉంటుంది, కాగితాలు చించి ఎగరేసే సరదా అప్పటికి తీరిపోయి ఉంటుంది.

అలాగైతే వైజాగ్ దేనికి? మూడు రకాల సినిమాలకు. ఒకటి, డాల్బీ అట్మాస్ పద్ధతిలో శబ్దం కలిపినవి. అట్మాస్ హాల్లో నెత్తి మీద కూడా స్పీకర్లుంటాయి, వాన పైనుంచే పడుతుంది, హెలికాప్టర్ మన మీదుగా పోతుంది. టికెట్ కొనేముందు ఆ తెరకు అట్మాస్ ఉందో లేదో చూసుకోండి; ఒకే మల్టీప్లెక్స్‌లో ఒక తెరకుండి పక్కదానికి లేకపోవచ్చు. రెండు, మన ఊళ్లకు రానివి: మలయాళం, ఇంగ్లిష్ సినిమాలు మూల భాషలో సబ్‌టైటిల్స్‌తో చూడాలంటే చాలాసార్లు అక్కడికే పోవాలి. మూడు, చీకటిలోనే ఎక్కువ నడిచే థ్రిల్లర్లు. దీపం పాతబడిన హాల్లో అవి చూసి సినిమాను తిట్టుకుంటే తప్పు దర్శకుడిది కాదు. ఈ మూడూ కాని కమర్షియల్ సినిమాకు రానూపోనూ మూడు నుంచి ఐదు గంటలు పోగొట్టుకోవడం నాకైతే దండగే అనిపిస్తుంది.

టీవీని తీసిపారేయకండి. ఆ ఒకటిన్నర రెట్ల లెక్కే ఇక్కడా. 55 అంగుళాల టీవీ వెడల్పు నాలుగడుగులు, కాబట్టి ఆరడుగుల్లో కూర్చోవాలి. మనం పది పన్నెండు అడుగుల దూరాన గోడకు మంచం ఆనించి, తెర చిన్నదంటాం. సెట్టింగుల్లో ఫిల్మ్‌మేకర్ మోడ్ లేదా సినిమా మోడ్ పెట్టి, మోషన్ స్మూతింగ్ తీసేయండి. అది ఉంటే సినిమా సీరియల్‌లా కనిపిస్తుంది. టీవీ స్పీకర్లు కిందికో వెనక్కో పలుకుతాయి కాబట్టి మాట సరిగ్గా అందదు, చిన్న సౌండ్‌బార్ అయినా తగిలించండి. 4కే కావాలంటే నెట్ కనీసం 15 ఎంబీపీఎస్ ఆగకుండా రావాలి. ఇద్దరు మనుషులు గదిలో కూర్చుని మాట్లాడుకునే సినిమాకు ఇంతకన్నా అక్కర్లేదు. తెలుగు సినిమాలు చాలామట్టుకు నాలుగైదు వారాల్లోనే ఓటీటీకి వచ్చేస్తున్నాయి.

అయితే ఒక రకం సినిమాను మాత్రం ఊళ్లోనే చూడాలి: మన ఉత్తరాంధ్ర యాస మాట్లాడేది. శ్రీకాకుళం మత్స్యకారుల కథతో 2025 ఫిబ్రవరిలో ‘తండేల్’ వచ్చింది కదా, అలాంటివి. శ్రీకాకుళం సూర్యమహల్ జంక్షన్‌కు కూతవేటులో చూస్తే, హీరో ‘ఏటి’ అన్న తీరు కుదిరిందో లేదో పక్క సీటువాడి మొహంలోనే తెలిసిపోతుంది. కుదరకపోతే నవ్వు రాకూడని చోట నవ్వుతారు. ఆ తీర్పు మల్టీప్లెక్స్‌లో దొరకదు, ఇంట్లో అసలే దొరకదు.

దసరా సినిమాలకు విజయనగరం వెళ్లేవాళ్లు ఇంకొకటి చూసుకోండి. పండుగ దాటాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి జాతర, సిరిమానోత్సవం. ఆ రోజు మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా కాలు పెట్టే చోటుండదు. మ్యాట్నీ, ఫస్ట్ షో టికెట్లు ఆ రోజుకు కొనకండి. సోమవారమే చూసేసి, మంగళవారం సిరిమాను చూడండి.