గోవిందరాజస్వామి గుడి చుట్టూ: వలసొచ్చిన దేవుడి పాతూరు

తిరుపతికి వచ్చేవాళ్ళలో చాలామంది స్టేషన్లో దిగి, కొండెక్కి, దర్శనం చేసుకుని, మళ్ళీ అదే స్టేషన్లో రైలెక్కేస్తారు. ఊరు పుట్టిన చోటు మాత్రం స్టేషన్‌కి నడిచిపోయేంత దగ్గర్లోనే ఉంది. ఒక్క పూట కేటాయిస్తే చాలు. ఈ పాతూళ్ళో దేవుడితో సహా దాదాపు అందరూ ఎక్కడెక్కడి నుంచో వచ్చి స్థిరపడ్డవాళ్ళే.

చిదంబరంలో చోళరాజు గోవిందరాజస్వామిని గుడిలోంచి తీయించేస్తే, రామానుజులవారు ఇక్కడ ప్రతిష్ఠ చేయించారని సంప్రదాయం చెబుతుంది. సుమారు 1130 నాటి మాట. అప్పటిదాకా జనం ఉన్నది కపిలతీర్థం వైపు కొత్తూరు అనే చోట. గుడి లేచాక ఊరే దాని చుట్టూకి జరిగింది. గుడిలో పార్థసారథి సన్నిధి పక్కనే ఉంటుంది, రెండూ చూడండి. పడుకున్న మూలమూర్తి సుధామూర్తి, అంటే సున్నపు గారతో చేసింది. నీళ్ళు తగిలితే కరిగిపోతుంది కాబట్టి అభిషేకం ఉండదు. ముందు చెక్కిన రాతి విగ్రహంలో లోపం కనబడి వదిలేశారని అంటారు. అది ఊళ్ళోనే మంచినీళ్ళగుంట దగ్గర ఉంది. ఆటో వాళ్ళకి ఆ గుంట పేరు చెబితే చాలు. ఎవరూ అంతగా పట్టించుకోని చోటది, తప్పకుండా వెళ్ళాలి.

తూర్పున పెద్ద గోపురం ఎత్తు దాదాపు 50 మీటర్లు, ఏడంతస్తులు. 17వ శతాబ్దం తొలినాళ్ళలో మట్ల అనంతరాజు కట్టించాడు. ఈయనా సిద్ధవటం నుంచి వచ్చినవాడే. గోపురం కింది దారిలో జనం తోసుకుంటూ పోతుంటారు. ఒక పక్కకి తప్పుకుని గోడలు చూడండి. అనంతరాజు, ముగ్గురు రాణులతో చేతులు జోడించి నిలబడి ఉంటాడు. రామాయణ ఘట్టాలూ ఉన్నాయి. పొద్దున ఆరు నుంచి ఎనిమిది లోపు వెళ్తే ఎండ గోపురం ముఖం మీద పడుతుంది. సాయంత్రమైతే ఎండ వెనక నుంచి వచ్చి బొమ్మలన్నీ నల్లగా కనబడతాయి. లోపల ఫొటోలు తీయనివ్వరు, బయటే తీసుకోండి. గోడల మీది శాసనాల్లో ఎక్కువ భాగం తమిళమే. తిరుమల తిరుపతి గుళ్ళ శాసనాలు వెయ్యికి పైగా ఉంటే, తెలుగు, కన్నడ శాసనాలు కలిపినా కొద్దే.

ఇక గాంధీరోడ్డు మీద హథీరాంజీ మఠం. ఉత్తరాది నుంచి వచ్చిన హథీరాం బావాజీ వేంకటేశ్వరస్వామితో పాచికలాడాడని, ఆయనకి పరీక్షగా పెట్టిన చెరుకు గడలన్నీ ఏనుగు రూపంలో స్వామే వచ్చి తినేసి వెళ్ళాడని కథ. 1843లో ఈస్టిండియా కంపెనీవాళ్ళు తిరుమల గుడి పాలన వదులుకున్నప్పుడు అది ఈ మఠం మహంతుల, అంటే మఠాధిపతుల చేతికొచ్చింది. మహంతుల పాలన సేవాదాస్‌తో మొదలై ప్రయాగదాస్‌తో ముగిసింది. 1933లో తిరుమల తిరుపతి దేవస్థానం ఏర్పడింది. కట్టడం బాగా పాతబడింది, ఎదుటి ఫుట్‌పాత్ మీద నిలబడి చూడడమే మంచిది. ఊళ్ళోని బైరాగిపట్టెడ అనే పేట పేరులోనూ ఈ మఠం బైరాగులే ఉన్నారు.

మాడవీధుల పక్క సందుల్లో పాత మిద్దెలు మిగిలున్నవి తక్కువ. ముఖం సన్నం, లోతు ఎక్కువ, ముందు అరుగు. స్వామి ఊరేగే వీధికి అందరికీ ముఖం కావాలి కదా! మద్రాసు టెర్రసు ఉన్న ఇల్లు కనబడితే తలెత్తి చూడండి. టేకు దూలాల మీద సన్నటి ఇటుకల్ని నిలువుగా, ఐమూలగా పేర్చి సున్నంతో పోస్తారు. దానిమీద సిమెంటు పూస్తే తేమ బయటికి పోలేక, గోడలో దూరిన దూలం కొస కుళ్ళిపోతుంది. కప్పు కుంగడం అక్కడే మొదలవుతుంది. మంచి ఇళ్ళు ఇలాగే పోయాయి, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఇంటివాళ్ళని అడక్కుండా లోపలికి తొంగిచూడొద్దు.

బస విషయానికొస్తే, ఈ నడకకి స్టేషన్ ఎదుటి దేవస్థానం వసతి గృహం విష్ణునివాసమే అనువు. గుడి కాలినడక దూరం. దర్శనం టోకెన్లు ఇచ్చే రోజుల్లో ముందంతా కిక్కిరిసి ఉంటుంది, నిద్ర తేలిక వాళ్ళకి కష్టం. దేవస్థానందే ఇంకో వసతి గృహం శ్రీనివాసం, బస్టాండు దగ్గర, బస్సులో వచ్చేవాళ్ళకి బాగుంటుంది. రెండింటికీ ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి, ఒరిజినల్ ఆధార్ వెంట ఉండాలి. ప్రైవేటు లాడ్జి అయితే పట్టాల వైపు గది వద్దని ముందే చెప్పండి. మాడవీధుల్లోకి కారు తీసుకెళ్తే ఇరుక్కుంటారు.

ఏ నెలలో అంటే, మే నెల. ఎండలు మండిపోతాయి, అయినా తాతయ్యగుంట గంగమ్మ జాతర అప్పుడే. ఆమె వేంకటేశ్వరస్వామికి చెల్లెలు, దేవస్థానం నుంచి సారె వస్తుంది. కైకాల వంశం వాళ్ళు వేషాలు కడతారు. రోజుకో వేషం. మొట్టమొదటిది, ఒంటినిండా నామం సుద్ద పూసుకుని వీధుల్లోకి వచ్చేది, బైరాగి వేషం.